కొంగ ఇంకా రాలేదా?

పెద్దసార్ ఉద్యోగాన్ని వదిలి చాలా ఏళ్ళయింది గానీ, ఉద్యోగం మాత్రం ఆయన్ని వదల్లేదు. రోజూ పొద్దున్నే కూతురు తన ఆఫీసుకు పోతూ కారులో తీసుకొచ్చి, గణిత విభాగం మెట్ల దగ్గర దింపేది. చెయ్యి పట్టుకుని మొదటి అంతస్తులో ఉన్న చిన్న లైబ్రరీ గది దాకా నడిపించి, కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టి వెళ్ళేది. ఇంట్లో ఉంచితే తలుపు తీసుకుని ఎటో నడిచిపోతున్నారు. ఇక్కడైతే కుదురుగా ఉంటారు. గదిలో ఓ నల్లబల్ల ఉంది, సుద్దముక్కలున్నాయి. ఆయనకు అంతకన్నా ఏం కావాలి?

కూతురి పేరు ఆయనకు గుర్తులేదు. పొద్దున ఏం తిన్నారో గుర్తుండదు. గదిలోకి ఎవరు అడుగుపెట్టినా తలెత్తి ఒకటే ప్రశ్న.

"కొంగ ఇంకా రాలేదా?"

కొత్తగా చేరిన విద్యార్థులు నిజం కొంగనే అడుగుతున్నారనుకుని కిటికీలోంచి తొంగి చూసేవాళ్ళు. జీవుల లెక్కలు కట్టే చోటు కదా, అదీ పనిలో భాగమే కాబోలు అనుకునేవాళ్ళు. పాతవాళ్ళు "ఇంకా లేదు సార్" అని తమకు కావలసిన పుస్తకం తీసుకుని వెళ్ళిపోయేవాళ్ళు.

కొంగ ఎవరో ఆ భవనంలో తెలిసినవాళ్ళు ఇక ఒక్కరే మిగిలారు. విభాగానికి అధిపతి ఆమె. అందరికీ మేడమ్. ఒకప్పుడు మాత్రం పెద్దసార్ నోట ఆమె పేరు చీమ. ఆయన తన దగ్గర చేరిన ప్రతివాళ్ళకూ ఓ ప్రాణి పేరు తగిలించేవారు. ఆమె గింజ గింజా మోసుకొచ్చినట్టు లెక్క చేస్తుందని చీమ. పొడుగు కాళ్ళతో గంటల తరబడి మడుగులో కదలకుండా నిలబడతాడని అతను కొంగ. ఇద్దరూ ఒకే ఏడాది చేరారు, ఒకే బల్ల పంచుకున్నారు, ఒకే సమస్య మీద పోట్లాడుకున్నారు.

కొంగ ఆమెకన్నా తెలివైనవాడు. ఆ మాట ఎవరూ పైకి అనలేదు. అనవలసిన అవసరం లేదు, అందరికీ తెలుసు. ఆమెకు ముందు తెలుసు.

ఓ వానాకాలం సాయంత్రం అతను ఊరి చివర ఉన్న చిత్తడి నేలకు ఒంటరిగా వెళ్ళాడు. ఎప్పుడో ఇసుక తవ్వి వదిలేసిన గుంత ఒకటి అక్కడ నీటి కింద ఉంది. మర్నాడు అతన్ని ఒడ్డుకు తెచ్చినప్పుడు ఆమె చూసింది. ఒక కాలికి బూటు లేదు. ఆ తర్వాత చాలా ఏళ్ళపాటు వాన మొదలైన ప్రతిసారీ ఆమెకు మొదట గుర్తొచ్చేది అతని ముఖం కాదు, ఆ పాదం.

అయితే మనిషి ఆగిపోతాడా? సిద్ధాంత గ్రంథం పూర్తిచేసింది. ఉద్యోగం వచ్చింది. పుస్తకం రాసింది, దాన్ని చాలా చోట్ల పాఠంగా పెట్టారు. విద్యార్థుల్ని ఒకళ్ళ తర్వాత ఒకళ్ళని చేరదీసి, తిట్టి, బుజ్జగించి, పట్టాలిప్పించి పంపింది. వాళ్ళు రాసినదంతా అక్షరం వదలకుండా చదివి, మార్జిన్లో ఆకుపచ్చ సిరాతో 'అయితే ఏంటి?' అని రాసేది. ఎవరికైనా జ్వరమొస్తే ఫోన్ చేసి మాత్ర వేసుకునేదాకా వదిలేది కాదు. పెళ్ళి చేసుకోలేదేం అని అడిగినవాళ్ళకు, "ఇంతమంది పిల్లల తల్లిని, ఎవడు చేసుకుంటాడు?" అని నవ్వేసేది.

ఒక్క నియమం మాత్రం పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నట్టు పట్టుకుంది. ఆమె విద్యార్థులెవరూ నీళ్ళలో దిగకూడదు. లెక్కలు కంప్యూటర్లోనే. కొలతలు కావాలంటే వేరేవాళ్ళు కొలిచినవి వాడుకోవాలి. పక్క విభాగంవాళ్ళు వేళాకోళం చేసేవాళ్ళు: "మేడమ్ శిష్యులు కప్పలు ఎన్నేళ్ళకు అంతరిస్తాయో చెప్తారు. కప్ప ఎదురొస్తే మాత్రం ఇదేం జంతువని అడుగుతారు."

పెద్దసార్ ఆమెను గుర్తుపట్టేవారు కాదు. ఆఫీసు గుమాస్తా అనుకునేవారు. "ఏమ్మా, కాస్త సుద్దముక్కలు తెచ్చిపెడతావా?" అనేవారు. తెచ్చిపెట్టేది. "కొంగ వస్తే నా దగ్గరికి పంపు" అనేవారు. "అలాగే సార్" అనేది. తన గదికి వచ్చి తలుపేసుకుని కాసేపు కూర్చునేది. చచ్చిపోయినవాడి కోసం ఎదురుచూసే మనిషి, బతికి ఎదురుగా నిలబడినదాని వైపు ఒక్కసారైనా చూడడు. చీమ ఏదీ అని ఏనాడూ అడగలేదు. ఆమెకు ఏడుపు వచ్చేది కాదు.

అలాంటి రోజుల్లో చేరింది కందిరీగ. ఆ పేరు తోటివాళ్ళు పెట్టారు. ఒక ప్రశ్న పట్టుకుందంటే ఎదుటివాడి చుట్టూ తిరిగి తిరిగి కుట్టేదాకా పోదు. పొడుగ్గా ఉంటుంది, జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది, ప్యాంటు మడమల పైకి మడిచి పెద్ద పెద్ద అంగలు వేస్తూ నడుస్తుంది. చేరి ఏడాది తిరక్కుండానే ఒక పొద్దున మేడమ్ గదిలోకి వచ్చి, కూర్చోకుండానే మొదలుపెట్టింది.

"మేడమ్, మన గీత కదులుతోంది."

మేడమ్ చేతిలో కలం ఆగింది. "ఏ గీత?"

"కప్పల గీతే."

ఆ గీత మేడమ్ జీవితమంతా. కప్పల సంఖ్య ఒక హద్దు కిందకి పడితే ఇక తేరుకోవు. తిండి ఉండొచ్చు, నీళ్ళు ఉండొచ్చు, అయినా సరే. మగకప్ప చీకటి పడగానే పిలుస్తుంది. ఆ పిలుపు వినపడేంత దూరంలో ఆడకప్ప లేకపోతే అది పిలుస్తూనే ఉంటుంది. పెద్దసార్ క్లాసులో చెప్పేవారు, "చావు వల్ల కాదర్రా, జవాబు రాక అంతరిస్తాయి" అని. ఆ హద్దు ఎక్కడుందో లెక్కగట్టే సమీకరణం ఆయనది. దాన్ని సానబెట్టి లోకానికి చూపించింది మేడమ్.

"వానలు పడ్డ ఏడాది హద్దు ఒకచోట వస్తోంది, ఎండిన ఏడాది ఇంకోచోట" అంది కందిరీగ. "పిలుపు ఎంత దూరం పోతుందో మనం ఒకటే అంకె వేసుకున్నాం. నీళ్ళు నిండుగా ఉంటే గొంతు నీళ్ళ మీద ఇంకా దూరం పోతుందేమో కదా? ఎవరైనా కొలిచారా?"

ఆ మాటలు మేడమ్ ఇదివరకే విన్నది. ఇదే భవనంలో. 'చీమా, మన గీత కదుల్తోందే' అన్నాడు కొంగ, కాళ్ళు బల్ల మీద చాపుకుని. ఆ విషయం ఎక్కడా అచ్చు కాలేదు. ఈ పిల్లకు ఎవరూ చెప్పలేదు. ప్రశ్న తన కాళ్ళ మీద తానే నడిచి వచ్చింది, ఈ పిల్లను వెతుక్కుంటూ.

"ఎవరూ కొలవలేదు" అంది మేడమ్. అది అబద్ధం కాదు. కొలవడానికి వెళ్ళినవాడు తిరిగిరాలేదు.

"అయితే నేను కొలుస్తాను."

"అక్కర్లేదు. ఓ అంచనా వేసుకో."

"ఇన్నేళ్ళూ అంచనాతోనే నెట్టుకొచ్చాం కదా మేడమ్."

"ఇంకొన్నేళ్ళు నెట్టుకొద్దాం. నా దగ్గర ఉన్నంతకాలం నువ్వా నీళ్ళలో దిగడానికి వీల్లేదు."

కందిరీగ ముఖం ముడుచుకుని వెళ్ళిపోయింది. నేరుగా లైబ్రరీ గదికి పోయి, కోపం తీరేలా అల్మరా తలుపు దడాలున తీసింది. పెద్దసార్ తల తిప్పారు. ఆయన కళ్ళకు పొరలు. ఎదురుగా పొడుగ్గా ఓ మనిషి, మడిచిన ప్యాంటు.

"వచ్చావట్రా!" అన్నారు. "ఎంతసేపట్నుంచి చూస్తున్నానో తెలుసా?"

"సార్, నేను అబ్బాయిని కాదండీ."

"నువ్వు అబ్బాయివని నేనెప్పుడన్నాను? కొంగవి. కూర్చో. నిన్న ఎక్కడ ఆపాం?"

ఆ పిల్లకు నవ్వొచ్చింది. కాదనబోయింది. ఈలోగా ఆయన లేచి నల్లబల్ల దగ్గరికి నడిచి, వణుకుతున్న చేత్తో సమీకరణం రాశారు. ఒక్క గుర్తు కూడా తప్పు పోలేదు. పిలుపు దూరం ఉన్నచోట అంకె వెయ్యకుండా ఖాళీ వదిలేసి, సుద్దముక్కతో దాన్ని టకటకా కొట్టారు. "ఇక్కడ. నీ అనుమానం ఇక్కడే కదా?"

కందిరీగ కూర్చుంది.

ఆ రోజు నుంచీ ఆ పిల్ల మకాం లైబ్రరీ గదిలోనే. పెద్దసార్‌కు కూతురు ఎవరో తెలియదు, నెల ఏదో తెలియదు. ఆ ఖాళీ గురించి మాత్రం ఎక్కడ ఆగారో అక్కణ్ణుంచి మొదలుపెట్టేవారు. ముప్ఫై ఏళ్ళనాటి సంభాషణ అది. తలుపు అవతల వసారాలో మేడమ్ నడుస్తూ నడుస్తూ ఆగిపోయేది. లోపల్నుంచి సార్ పాత గొంతు, పాత విసుగు, పాత నవ్వు. "తొందరపడకురా. ముందు నీళ్ళు లేవనుకుని చూడు." ఆ నవ్వు తన కోసం ఎప్పుడూ నవ్వలేదాయన. తనతో మాట్లాడేటప్పుడు ఎప్పుడూ, 'బాగుంది, ఇంకోసారి సరిచూసుకో' అనేవారంతే. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, జుట్టంతా నెరిసింది, ఒక ముసలాయనా ఓ చిన్నపిల్లా మాట్లాడుకుంటుంటే గోడకు ఆనుకుని అసూయపడుతోంది. ఎవరైనా చూస్తే నవ్విపోతారని కాగితాలు సర్దుకుంటున్నట్టు నటించేది.

వానలు మొదలయ్యాయి. మొదటి పెద్ద వాన ఓ మధ్యాహ్నం కురిసింది. కిటికీ అద్దాల మీద ధారలు కడుతుంటే లైబ్రరీ గదిలోంచి పెద్దసార్ అరుపు వినిపించింది. మేడమ్ పరుగున వెళ్ళింది. గుమ్మంలోనే ఆగిపోయింది.

ఆయన కందిరీగ మణికట్టు రెండు చేతులతో పట్టుకుని ఉన్నారు.

"ఒక్కడివే పోవద్దురా. చెప్తే వినవేం? నీళ్ళు పెరిగాయి."

"ఎక్కడికీ పోను సార్. ఇక్కడే ఉన్నాను."

"పోతావు. నాకు తెలుసు నీ సంగతి. పోతే పో, వద్దనను. చీమని తీసుకుపో. విన్నావా? దానికి ఈతొచ్చు. ఏట్లో పెరిగిన పిల్ల. నువ్వు మునిగితే జుట్టు పట్టి లాక్కొస్తుంది. నీకు తెలివి ఉందిరా, దానికి నిలకడ ఉంది. అది పక్కనుంటే నాకు బెంగ ఉండదు. కిందనే ఉంది, కంప్యూటర్ గదిలో. పోతూ పోతూ తలుపు కొట్టు."

"కొడతాను సార్" అంది కందిరీగ, ఆయన్ని ఊరుకోబెట్టడానికి.

"కొట్టవు" అన్నారు పెద్దసార్. ఆ మాట అంటూనే ఆయన చేతులు వదులయ్యాయి. కుర్చీలో కూలబడి కిటికీ వంక చూస్తూ ఉండిపోయారు.

మేడమ్ గోడ పట్టుకుని మెట్లు దిగింది. కింది అంతస్తులో పాత కంప్యూటర్ గది ఇప్పుడు విరిగిన కుర్చీలు పడేసే కొట్టు. కొంగ పోయిన ఆ సాయంత్రం ఆమె అక్కడే ఉంది. తలుపుకు వీపు పెట్టి, ఎప్పటిలాగే. బయటికి పోవాలంటే ఆ తలుపు ముందు నుంచే పోవాలి, వేరే దారి లేదు. అంటే కొంగ అటుగానే వెళ్ళాడు. తలుపు కొట్టలేదు. లోపలికి తొంగిచూశాడేమో. పని చేసుకుంటున్న వీపు చూసి, కదిలించడం ఎందుకనుకున్నాడేమో. లేక అసలు గుర్తే లేదేమో. సార్ మాట తేలిగ్గా విని తేలిగ్గా మరచిపోయి, ఈలవేసుకుంటూ వెళ్ళిపోయాడేమో. ఒకవేళ పిలిచి ఉంటే ఇద్దరూ తిరిగొచ్చేవాళ్ళా? ఇద్దరూ పోయేవాళ్ళా? ఆ లెక్క ఎన్నిసార్లు వేసినా తేలదు.

ఇన్నేళ్ళూ ఆమె ఒకటి నమ్మింది. సార్‌కు కొంగే కావాలి, తను మిగిలిపోయిన మనిషి అని. ఇప్పుడు తెలిసింది ఇంకొకటి. ఆయన తనను నమ్మారు. ఆ నమ్మకం ఆ సాయంత్రం మెట్లు దిగి తలుపుదాకా వచ్చి, తలుపు కొట్టకుండా వెళ్ళిపోయింది. దీనికి సంతోషించాలో ఏడవాలో ఆమెకు తెలియలేదు. విరిగిన కుర్చీల మధ్య నిలబడి ఉంటే వీపు చల్లగా అయింది, వెనక తలుపు దగ్గర ఎవరో ఆగి చూస్తున్నట్టు. తిరిగి చూసింది. ఎవరూ లేరు. అయినా "లోపలికి రా" అంది.

మర్నాడు కందిరీగను పిలిచింది. కొంగ గురించి మొదటినుంచీ చివరిదాకా చెప్పింది. ఆ పిల్ల మధ్యలో ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఆ పిల్ల విషయంలో అది వింతే.

"ఎల్లుండి సాయంత్రం వెళ్దాం" అంది మేడమ్ చివర్లో.

"వెళ్దామా?"

"నేనూ వస్తాను. నడుముకు తాడు కట్టుకోవాలి. కర్రతో అడుగు చూసుకోకుండా కాలు వెయ్యకూడదు. నేను చాలంటే చాలు. ఎదురు చెప్పావంటే అక్కడే నీళ్ళలో ముంచుతాను."

చిత్తడి నేల పెద్దగా మారలేదు. ఇసుక గుంత దగ్గర ఎవరో ఇనుప స్తంభం పాతి లోతు అని బోర్డు పెట్టారు, అది తుప్పుపట్టి ఒరిగిపోయింది. మేడమ్ దాని వైపు చూడకుండా నడిచింది. ఒడ్డున కప్ప పిలుపు వినిపించే చిన్న స్పీకరు పెట్టారు. కందిరీగ రికార్డరు పట్టుకుని నీళ్ళలోకి నడుస్తూ, ఆ పిలుపు ఎంతదాకా వినిపిస్తుందో కొలవాలి. తాడు ఒక కొస ఆ పిల్ల నడుముకి, రెండో కొస మేడమ్ చేతికి.

పొద్దు వాలింది. నిజం కప్పలు ఒక్కొక్కటే గొంతు సవరించుకున్నాయి. కందిరీగ తుంగ దుబ్బుల వెనక్కి పోయింది. తాడు కాసేపు బిగువుగా ఉంది. తర్వాత వదులైంది. మేడమ్ లాగింది. తాడు తేలిగ్గా వచ్చేసింది. ఇంకా లాగింది. ఇంకా వచ్చింది.

కప్పలు ఒక్కసారిగా నోరు మూశాయి.

"కొంగా!" అని అరిచింది మేడమ్.

తన నోట వచ్చిన పేరు తనకే వినిపించింది. నీళ్ళ మీద అది దూరంగా, చాలా దూరంగా పోయింది. జవాబు రాలేదు. ఆమె చెప్పులు విడిచి, చీర ఎగదోపి, నీళ్ళలోకి దిగేసింది. మోకాళ్ళు, తొడలు, నడుము. ముప్ఫై ఏళ్ళుగా తాకని నీళ్ళు అవి. పాదం కింద బురద మెత్తగా పట్టుకుని వదిలింది. ఇంకో అడుగు వేసి ఈతకు చేతులు చాపిన క్షణాన తుంగలు కదిలాయి. కందిరీగ బయటికి వచ్చింది, ఒంటినిండా బురదతో.

"తాడు చిక్కుపడిందని ముడి విప్పాను మేడమ్... అయ్యో, మీరేంటి నీళ్ళలో?"

మేడమ్ చెయ్యెత్తి కొట్టబోయింది. కొట్టలేదు. ఆ పిల్ల చొక్కా కాలరు పట్టుకుని ఒడ్డుదాకా లాక్కొచ్చి, గట్టు మీద కూలబడింది.

"సారీ మేడమ్" అంది కందిరీగ. ముఖం మీది బురద తుడుచుకుంటూ, "ఎవర్ని పిలిచారు?" అంది.

"నిన్నే."

కందిరీగ తాడు తీసి తన నడుముకు గట్టిగా ముడివేసి, లాగి చూపించింది. చీకటి పడకముందే ఇంకో రెండు కొలతలు తీసుకున్నారు.

మర్నాడు పొద్దున కందిరీగ బురద బూట్లతోనే లైబ్రరీ గదిలోకి వెళ్ళి, "వచ్చాను సార్. చీమే తీసుకొచ్చింది" అంది. గుమ్మంలో నిలబడిన మేడమ్‌ను చూపించింది. పెద్దసార్ బూట్ల వంక చూశారు, ఆ పిల్ల తలమీద చెయ్యి వేశారు, చాలాసేపు తియ్యలేదు. తర్వాత మేడమ్ వైపు చూసి, "ఈవిడెవరు? చీమ చిన్నపిల్ల కదా" అన్నారు.

ఇక అక్కడితో ఆయన బెంగ తీరిపోయిందనుకున్నారు ఇద్దరూ. ఆ మర్నాడు ఆయన మళ్ళీ అడిగారు. కందిరీగ మళ్ళీ చెప్పింది, వచ్చాను సార్ అని. ఆయన మళ్ళీ అంతే ఆశ్చర్యపోయారు, అంతే సంతోషపడ్డారు. వానాకాలమంతా అలాగే గడిచింది. కొలతలు పూర్తయ్యాయి. ఖాళీ నిండింది. గీత కదిలే మాట నిజమే. నీళ్ళు తగ్గిన ఏడాది కప్పలు అనుకున్నదానికన్నా ముందే ఒకదానికొకటి వినపడకుండా పోతాయి.

ఆ కొలతలు నలుగురికీ చెప్పడానికి కందిరీగ వేరే ఊరి సదస్సుకు వెళ్ళింది. ఆ రోజు లైబ్రరీ గదిలో పెద్దసార్ ఒక్కరే ఉన్నారు. మేడమ్ సుద్దముక్కలు తీసుకుని వెళ్ళింది. అడుగుల చప్పుడుకి ఆయన తలెత్తారు.

"కొంగ ఇంకా రాలేదా?"

ఇంకా లేదు సార్ అనాలి. అనలేకపోయింది. గదిలో సమాధానం చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. ఆ కళ్ళు తన ముఖం మీదే ఉన్నాయి, ఎప్పటిలాగే తనను చూడకుండా.

"వచ్చాను సార్" అంది.

ఆయన ముఖం విప్పారింది. చెయ్యి చాపారు. ఆమె కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. ఆ చెయ్యి ఆమె నెరిసిన జుట్టు మీద ఆనింది. ఎండిపోయి తేలిగ్గా ఉంది. ఇన్నేళ్ళలో ఆయన ఆమెను తాకడం అదే మొదటిసారి, అదీ ఇంకొకళ్ళ పేరు మీద.

"ఇంత ఆలస్యం చేస్తావురా? అందర్నీ హడలగొట్టావు."

"తప్పయింది సార్."

"నాకేం, ముసలాణ్ణి. చీమకి చెప్పావా వచ్చానని? అది పైకి చెప్పదు గానీ లోపల తినేసుకుంటుంది. నిన్ను ఒంటరిగా పంపినందుకు నన్ను క్షమిస్తుందో లేదో." ఆయన చెయ్యి ఆమె తలను మెల్లగా ముందుకు తోసింది. "పో. ముందు పోయి దానికి చెప్పు."

మేడమ్ కదల్లేదు. బయట వసారాలో ఎవరో విద్యార్థులు నవ్వుకుంటూ పోయారు.

"చెప్తాను సార్" అంది.